రేవు ముందు పాపిడి

ఆ రేవులో ఇంజన్ల మేస్త్రికి పిచ్చి పట్టిందని కొన్నాళ్ళు జనం చెప్పుకున్నారు. పిచ్చంటే బట్టలు చించుకుని వీధిన పడే పిచ్చి కాదు. వేళకి షెడ్డు తెరిచేవాడు, ఇంజన్లు విప్పేవాడు, బిగించేవాడు, చేతులు కడుక్కుని ఇంటికి పోయేవాడు. ఉన్న పిచ్చల్లా ఒకటే. తన పెళ్ళాం చావుకి తనే కారణమని ఎవరో ఒకరు మొహం మీద తిట్టాలి. దానికోసం ఆ మనిషి రేవంతా తిరిగాడు. తిట్లకి కరువున్న చోటు కాదది. బోటు కాస్త ఆలస్యమైతే తాతముత్తాతల్ని తవ్విపోసే రేవు. అలాంటి చోట ఆయనకి మాత్రం ఒక్క తిట్టు పుట్టలేదు. అందరూ భుజం తట్టారు, మంచినీళ్ళిచ్చారు, రాత అన్నారు. అందరి నోళ్ళనీ మించి ఆయన ఎదురుచూసింది ఇంట్లో ఉన్న అత్తగారి నోటి కోసం. కూతుర్ని పోగొట్టుకున్న మనిషి ఆమె. ఆమె కూడా ఏమీ అనలేదు. వేళకి అన్నం పెట్టేది, తిన్నాక కంచం తీసేది.

ఆ ఒక్క మాట కోసం ఆయన ఎందుకంత కొట్టుకున్నాడో తెలియాలంటే ముందు గడ్డి సంగతి చెప్పుకోవాలి.

రేవుకి ఎదురుగా సముద్రం చాలా దూరం లోతు లేకుండా పరుచుకుని ఉంటుంది. ఆ నీటి అడుగంతా గడ్డి. నాచు కాదు, అచ్చమైన గడ్డి. దానికి వేళ్ళున్నాయి, మోకాలెత్తు సన్నటి ఆకులున్నాయి. బయట అల ఎంత విసురుగా వచ్చినా ఆ గడ్డిలో అడుగుపెట్టేసరికి దాని పొగరు దిగిపోయేది. ఆకులన్నీ కలిసి దాన్ని నెమ్మదిగా నడిపించేవి. నెమ్మదించిన నీళ్ళు మోసుకొచ్చిన ఇసుకనీ బురదనీ అక్కడే దించేసేవి, దించినదాన్ని వేళ్ళు గట్టిగా పట్టుకునేవి. అందుకే అక్కడ నీళ్ళు అడుగున పడ్డ సూది కనబడేంత తేటగా ఉండేవి. ఇదంతా ఎవరూ కూర్చుని ఆలోచించింది కాదు. నెత్తిన కప్పు ఉందని రోజూ తలుచుకునే వాళ్ళెవరు?

మేస్త్రి లెక్కలో మాత్రం గడ్డి జన్మశత్రువు. నీళ్ళు తక్కువున్నప్పుడు బోటు లోపలికి వస్తే చాలు, గడ్డి వెళ్ళి నీళ్ళలో బోటుని తోసే పంకాకి చుట్టుకునేది. పంకా బిగుసుకుపోయి ఇంజన్ మూలిగేది. అప్పుడు మేస్త్రిని పిలిచేవాళ్ళు. ఆయన బోటు వెనక బోర్లా పడుకుని, తల కిందికి వేలాడేసి, కొక్కెం కత్తితో పోగు పోగు కోసి తీసేవాడు. పైనుంచి బోటువాళ్ళు తొందర పెట్టేవాళ్ళు, కిందనుంచి అల మొహం మీద కొట్టేది. ముక్కులోకి ఉప్పునీళ్ళు పోయి తుమ్ముతూ, ఆ గడ్డి వంశాన్నంతటినీ తిడుతూ పైకి లేచేవాడు. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగాడన్న మాటే గానీ ఆయనకి ఈత రాదు, కాలు తడిస్తే గిట్టదు. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు వేసుకుని తిరిగేవాడు.

ఆయన షెడ్డు రేవుకి ఆనుకునే ఉండేది. రేకుల కప్పు, నూనె పీల్చి నల్లబడ్డ నేల, గోడకి కొట్టిన మేకులకి వరసగా వేలాడే వంకరపోయిన పంకాలు, మూలన డీజిల్ డ్రమ్ము. ఇంజన్లతో మాట్లాడే అలవాటుండేది ఆయనకి. "ఏం తల్లీ, ఇవాళ దగ్గు తగ్గిందా?" అని పలకరించి మరీ విప్పేవాడు. మనుషులతో అంత మర్యాదగా మాట్లాడగా ఎవరూ వినలేదు.

భార్య ఆయనకి పూర్తిగా ఎదురు. ఆమె బతుకంతా నీళ్ళలోనే. ఆటు మొదలై నీళ్ళు దిగుతుంటే, ఆ వీధి ఆడవాళ్ళు కొంతమంది గంపలు నడుముకి కట్టుకుని గడ్డిలోకి దిగి గుల్లలు ఏరేవాళ్ళు. వాళ్ళలో చేయి తిరిగింది ఆమె. తల్లి దగ్గర నేర్చుకున్న పని. నడుం వంచి, అరికాలితో నేలని తడిమి, గుల్ల తగలగానే చేత్తో లాగి గంపలో వేయడమే. చూసినవాళ్ళకి ఇంతేనా అనిపిస్తుంది. వంగినవాళ్ళకి నడుం చెబుతుంది. ఇంటికొచ్చి గుమ్మం పక్కన కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ మొగుడి బూట్లు చూసి నవ్వేది.

"పొడి మనిషీ, ఒక్క రోజు రావయ్యా నాతో. సముద్రమేం నిన్ను కొరుక్కు తినదు," అనేది.

"నీ ఒంటికి అంటిన బురద చాలు నాకు," అనేవాడు.

"నీ డీజిల్ కంపు కన్నా నయమేలే!"

ఆ గుల్లల పనిలో ఒక పద్ధతి ఉంది. ఆ ఆడవాళ్ళు తల ఎత్తి సముద్రాన్ని చూడరు. చూసేది కొత్తవాళ్ళు, భయస్తులు. అలా చూసినదాన్ని రోజంతా ఏడిపించేవాళ్ళు, "ఏమ్మా, మొగుడొస్తున్నాడా ఆ వైపు నుంచి?" అని. మరి పోటు మొదలైందని తెలిసేదెట్లా? పిక్కలకి తెలిసేది. నీళ్ళు దిగుతున్నంతసేపూ గడ్డి ఆకులు సముద్రం వైపు వాలి ఉండేవి. ఆటు ఆగగానే నిటారుగా నిలబడేవి. కాసేపటికి ఒడ్డువైపు వాలేవి. ఆకు పిక్కకి తగిలే తీరు మారగానే చివరున్న మనిషి "ఆకు నిలబడింది!" అని కేక వేసేది. అంతా నడుం ఎత్తి, గంపలు సర్దుకుని, కబుర్లు చెప్పుకుంటూ ఒడ్డుకి నడిచి వచ్చేవాళ్ళు. గడ్డిలో పోటు మెల్లగా ఎక్కేది కాబట్టి పరిగెత్తాల్సిన పని ఎవరికీ పడలేదు. వాళ్ళ అమ్మల కాలం నుంచీ అదే గడియారం.

ఇక్కడ మేస్త్రి తెలివి అడ్డం పడింది.

బోట్లు వేళకి లోపలికి రాలేకపోతే చేపల లారీ వెళ్ళిపోయేది. ఐసు కరిగేది. ఓ సారి ఒకేరోజు చాలా బోట్లకి గడ్డి చుట్టుకుని రేవులో కొట్లాట దాకా వచ్చింది. ఆ కొట్లాటలో పెద్ద సరంగు, అంటే అక్కడి బోట్లన్నిటిలోకీ పెద్ద బోటు నడిపేవాడు, మేస్త్రి మీద విరుచుకుపడ్డాడు. "పోగులు పీకడం కాదయ్యా, పీకుడు లేకుండా చెయ్యి చాతనైతే!" అన్నాడు.

మాట తగిలింది. మేస్త్రి షెడ్డు తలుపులు దగ్గరగా వేసుకుని పాత ఇనుమంతా పోగేశాడు. విరిగిన మంచాల చట్రాలు, పనికిరాని ఇరుసులు, కంచె కడ్డీలు. వెల్డింగ్ చేసి, పళ్ళు సానబట్టి, బోటు వెనక గొలుసుతో లాగే పెద్ద ఇనప దువ్వెన ఒకటి తయారుచేశాడు. పెద్ద సరంగు దాన్ని తన బోటుకి కట్టుకుని రేవు నుంచి లోతు నీళ్ళ దాకా తిన్నగా లాక్కుపోయాడు. వేళ్ళతో సహా గడ్డి పెళ్ళలు పెళ్ళలుగా తేలింది. అటూ ఇటూ పచ్చగా గడ్డి, మధ్యలో తెల్లగా ఇసుక గీత. గట్టు మీద నిలబడ్డ జనం ఈలలు వేశారు.

"ఓరి నీ తస్సాదియ్యా! సముద్రానికే పాపిడి తీశావు కదరా మేస్త్రీ!" అన్నాడు సరంగు.

ఆ రోజు నుంచి దానికి పాపిడి అనే పేరు ఖాయమైపోయింది. బోట్లు ఆటు వేళ కూడా చక్కగా వచ్చేవి. మేస్త్రి రేవులో నడుస్తుంటే టీ కొట్టువాడు లేచి బల్ల తుడిచేవాడు. ఆయన ఛాతీ కాస్త ముందుకొచ్చిన మాట నిజం. ఎవరికి రాదు?

ఇంకో విచిత్రం కూడా జరిగింది. దువ్వెన వేయకుండానే పాపిడి లోతవుతూ వచ్చింది. అడ్డం లేని చోటు దొరికాక నీళ్ళు గడ్డిలో నుంచి ఎందుకు పోతాయి? వచ్చేవీ పోయేవీ అన్నీ ఆ గాడిలోకే దూరాయి. దూరినవి దూరినట్టు ఉండక అడుగునున్న ఇసుకని గోకాయి. "చూశారా, పాపిడి తన పని తనే చేసుకుంటోంది," అని మేస్త్రి మురిసిపోయాడు. అంచుల్లో నేల విరిగి వేళ్ళు బయటికి వేలాడసాగాయి. విరిగిన మట్టంతా నీళ్ళలో కలిసి, తేటగా ఉండే నీళ్ళు టీ రంగుకి తిరిగాయి. ఆ మసక నీళ్ళలో ఎండ అందక మిగిలిన గడ్డి కూడా పసుపుపచ్చబడింది. పాపిడి వెడల్పయింది. సముద్రానికి బట్టతల వస్తోందని కుర్రాళ్ళు నవ్వుకున్నారు. గాడి తవ్విన ఇసుకంతా వచ్చి రేవు ముందు దిబ్బగా పడుతుంటే, దాన్ని లాగెయ్యడానికి మళ్ళీ దువ్వెన కట్టారు.

గుల్లలేరే ఆడవాళ్ళు మొదట్లో సణిగారు. తర్వాత మానేశారు, ఎందుకంటే పాపిడికి అవతల గడ్డి పోయిన బోడి నేల మీద గుల్లలు తెగ దొరికాయి. పై మట్టి కొట్టుకుపోయి, లోపల దాక్కున్నవన్నీ బయటపడ్డాయి. వెతకక్కర్లేదు, ఏరుకోవడమే. చకచకా గంప నిండేది. ఇది నేల కరిగిపోతున్న లక్షణమని ఎవరికీ తట్టలేదు, అంతా అదృష్టమనుకున్నారు.

తట్టింది మేస్త్రి భార్యకి ఒక్కదానికే. ఓ సాయంత్రం కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుంటూ నవ్వకుండా మాట్లాడింది.

"ఏమయ్యా, ఇవాళ నీ పాపిడి దాటేటప్పుడు నడుం దాకా మునిగాను. కాలి కింద ఇసుక నిలవట్లేదు. జారిపోతోంది."

"బోట్లకి లోతుండాలి కదే మరి."

"బోట్లకి సరే. దాన్ని దాటి పోయేవాళ్ళం మేం. పోటు ముందు అందులోకే వస్తోంది, ఉరుక్కుంటూ. మేమింకా అవతలే ఉంటాం. ఇంక ఆ దువ్వెన వేయొద్దని సరంగుతో చెప్పు. గట్లు కాస్త గట్టిపడనీ. నువ్వు చెబితే వింటాడు."

"గడ్డే కదే, అదే మొలుస్తుందిలే."

"మొలవట్లేదయ్యా. నేను రోజూ దాంట్లోనే నడుస్తున్నాను. నువ్వు ఒక్కసారైనా దిగి చూశావా?"

ఆయన చెబుతానన్నాడు. మర్నాడు నిజంగానే చెబుదామని సరంగు దగ్గరికి పోయాడు. సరంగు కొత్తగా వచ్చిన బోటువాళ్ళ ముందు ఆయన భుజం మీద చెయ్యేసి, "ఇదిగో, మన రేవుకి అన్నం పెట్టిన చెయ్యి ఇదే," అన్నాడు. అలాంటి మాట విన్నాక, ఆ చేత్తో చేసింది ఆపెయ్యమని ఏ నోటితో చెప్పడం? టీ తాగి వచ్చేశాడు. భార్య అడిగితే "చెబుతాలే" అన్నాడు. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ అదే మాట అన్నాడు. ఆ తర్వాత ఆమె అడగలేదు.

ఆ రోజు పొద్దుటి నుంచీ సముద్రం మీద నుంచి గాలి కొడుతోంది. అత్తగారు మోకాలు వాచి ఇంట్లో ఉండిపోయింది. కూతురు తల్లి గంప కూడా తీసుకుని మిగతా ఆడవాళ్ళతో దిగింది. మేస్త్రి షెడ్డులో ఎవరిదో పాత ఇంజన్ కింద దూరి ఉన్నాడు. ఇంజన్ నడుస్తూ ఉంది, ఆ చప్పుడులో పక్కన పిడుగు పడినా వినబడదు. ఎవరో బూటు పట్టి లాగితే బయటికి వచ్చాడు. పక్కింటామె. నిలువునా తడిసి ఉంది. వరసకి చెల్లెలు కాబట్టి ఆయన భార్యని అక్కా అని పిలిచేది.

"బావా, అక్క వచ్చిందా?"

"ఎక్కడికి?"

"మేం ఇవతల గడ్డిలో ఉన్నాం. తను బోడి నేల చివర ఉంది. ఆకు నిలబడిందని అరిచాను బావా, గొంతు చించుకుని అరిచాను. ఎదురుగాలి. తను వంగే ఉంది. తల ఎత్తలేదు."

తల ఎందుకెత్తుతుంది? పిక్కకి ఆకు తగలాలి, అప్పుడు కదా తెలిసేది. అక్కడ తగలడానికి ఆకే లేదు. నీళ్ళు పాదాలు దాటి పైకి పాకేసరికి వెనక పాపిడి నిండి పరిగెడుతోంది. నడుముకి ఒకటి, చేతిలో ఒకటి, రెండు గంపల బరువుతో ఆమె దాన్ని దాటబోయింది. అంతవరకే చూశానని పక్కింటామె చెప్పింది.

బోట్లన్నీ బయటికి పరిగెత్తాయి. ఈత రాని మేస్త్రి సరంగు బోటు ముక్కు మీద నిలబడి, నోటికొచ్చినట్టు పెళ్ళాన్ని పిలుస్తూనే ఉన్నాడు. రోజంతా గడ్డి మీదా, దిబ్బల మీదా, లోతు నీళ్ళ అంచునా వెతికారు. ఆమె అక్కడెక్కడా లేదు. పోటు తీసుకెళ్ళేది ఒడ్డుకే, అందులోనూ పాపిడి వెంట కొట్టుకొచ్చింది ఏదైనా చేరేది రేవు ముందుకే. పొద్దువాలి నీళ్ళు దిగాక, కట్టేసిన బోట్ల మధ్య ఇసుక దిబ్బ మీద ఆమె కనబడింది. మేస్త్రి షెడ్డు గుమ్మంలో నిలబడితే కనబడేంత దగ్గర. నడుముకి గంప అలాగే కట్టి ఉంది. బోటు దిగి చూసిన మేస్త్రి ఆ గంప ముడి విప్పబోయి, నూనె చేతులకి ముడి జారిపోతుంటే, ఎవరో పక్కకి లాగేదాకా దాంతోనే పెనుగులాడాడు.

తర్వాత వచ్చిన వాళ్ళంతా మంచి మాటలే చెప్పారు. "వేళ చూసుకోలేదు పాపం." "గుల్లలు దొరుకుతుంటే ఇంకో నాలుగు అనిపిస్తుంది, మనిషికి ఆశ కదా." "ఎదురుగాలి, ఏం చేస్తాం." మేస్త్రి విన్నంతసేపు విన్నాడు. ఆశ అన్న మాట దగ్గర లేచాడు. "దానికి ఆశేంటి? నా దువ్వెన చంపింది దాన్ని. నేను చంపాను," అన్నాడు. ఎవరో పెద్దాయన లేచి వీపు నిమిరి, దుఃఖంలో ఉన్నాడు, కాస్త పడుకోనివ్వండి అన్నాడు. మేస్త్రిని పిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు పడుకోబెట్టి వెళ్ళిపోయారు.

అప్పుడు మొదలైంది జనం పిచ్చి అన్నది. టీ కొట్టులో, వలల గుట్టల దగ్గర, ఐసు గోదాము గుమ్మంలో ఎవరు కనబడితే వాళ్ళని ఆపి చెప్పేవాడు. అది నన్ను అడిగింది, ఆపించమని అడిగింది, నేను ఆపలేదు అని. వాళ్ళు తల ఊపి, "మనసు పాడు చేసుకోకు మేస్త్రీ," అనేవాళ్ళు. ఓసారి సరంగు తాళ్ళ చుట్ట మీద కూర్చుని ఉంటే నేరుగా వెళ్ళి నిలబడ్డాడు.

"నువ్వు లాగావు, నేను చేశాను. ఇద్దరం కలిసి చంపాం దాన్ని."

సరంగు మొహం ఎర్రబడింది. "నోరు జారకు. అలా అయితే ఆ దారిలో బోటు నడిపిన ప్రతివాడూ హంతకుడేనా?"

"అవును."

కొడతాడేమోనని మేస్త్రి నిలబడే ఉన్నాడు. కొట్టినా బాగుండేది. సరంగు చటుక్కున తగ్గి, పక్కవాడి వైపు చూసి, కణత మీద వేలు పెట్టి చూపించాడు. "ఈయన్ని ఇంటి దగ్గర దింపి రారా, పాపం," అన్నాడు. రేవుకి ఆ దారి కావాలి. దారి కావాలంటే ఆ దారి ఎవర్నీ చంపి ఉండకూడదు. అందుకని ఆయన్ని పిచ్చివాణ్ణి చేస్తే అందరికీ హాయి.

అప్పుడు మేస్త్రి బూట్లు విప్పి నీళ్ళలోకి దిగాడు. ఇసుక బస్తాలు మోసుకెళ్ళి పాపిడికి అడ్డంగా పేర్చాడు. నీళ్ళు బస్తాల పక్కనుంచి దారి చేసుకుని, ఆ పక్కనున్న గడ్డి గట్టుని కూడా కోసుకుపోయాయి. తేలుతున్న గడ్డి దుబ్బులు పట్టుకొచ్చి తీగ కొక్కేలతో బోడి నేలలోకి గుచ్చాడు. మర్నాటి పోటుకి కొక్కేలు మిగిలాయి, గడ్డి పోయింది. బోటువాళ్ళు వచ్చి ఆయన బస్తాల్ని ఓపిగ్గా తీసి గట్టున పెట్టిపోయేవాళ్ళు. దానికి కూడా ఎవరూ కేకలెయ్యలేదు.

ఒక ఆటు వేళ ఆయన మిగిలిన గడ్డిలో నిలబడ్డాడు. నీళ్ళు పిక్కల చుట్టూ మెత్తగా కదిలాయి. ఆకులు కాళ్ళకి ఆనుకుని ఉన్నాయి, అరికాలి కింద నేల గట్టిగా ఉంది. అక్కడినుంచి పక్కకి జరిగి బోడి నేల మీద కాలు పెట్టాడు. ఇసుక అరికాలి కింద నుంచి జారిపోయింది, నీళ్ళు రెండు కాళ్ళనీ పట్టి లాగాయి. మళ్ళీ గడ్డిలోకి వచ్చాడు, మెత్తగా ఉంది. మళ్ళీ బోడి నేల మీదికి వెళ్ళాడు, లాగింది. ఇంత దగ్గర, ఇంత తేడా. ఒక్కసారి దిగి చూశావా అని ఆమె అడిగింది దీన్నే. అక్కడే నిలబడి, ఎవరూ లేరు కాబట్టి, గొంతెత్తి ఏడ్చాడు.

తడి బట్టలతో ఇంటికి వస్తే అత్తగారు పొడి తువ్వాలు గుమ్మం మీద వేసి లోపలికి పోయింది. అలా రోజూ జరిగింది. ఆమె మళ్ళీ గుల్లలకి పోలేదు. వంటింట్లో గోడకి ఆనుకుని, మోకాలు చాపుకుని కూర్చునేది. ఆ మౌనం తన మీది అసహ్యమనే మేస్త్రి అనుకున్నాడు. అసహ్యమైనా సరే, నోటితో అంటే చాలనుకున్నాడు.

చివరికి ఓ మధ్యాహ్నం తట్టుకోలేకపోయాడు. ఆమె కత్తిపీట ముందు కూర్చుని కూర తరుగుతోంది. ఈయన కంచం పక్కకి తోసి వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తా, నన్ను ఒక్క మాట అను."

ఆమె తరుగుతూనే ఉంది.

"నీ కూతుర్ని నేను చంపాను. ఊరంతా చెప్పాను. అందరూ నన్ను ఓదారుస్తున్నారు. నువ్వు కూడా అన్నం పెడుతున్నావు. నీకు కోపం లేదా? నన్ను తిట్టు అత్తా, కొట్టు, ఇంట్లోంచి పొమ్మను. ఏదో ఒకటి అను!"

ఆమె కత్తిపీట పక్కకి జరిపింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని మొదటిసారి ఆయన మొహంలోకి చూసింది.

"ఊరంతా తిరిగి తప్పు నాదే నాదే అంటున్నావు. ఒక్క రోజైనా నన్ను అడిగావా?"

"ఏం అడగాలి?"

"ఆ రోజు అది గడ్డిలోకే పోతానంది, అల్లుడూ. పాపిడి దాటాలంటే భయంగా ఉందమ్మా, ఇవాళ గాలి కూడా ఉంది, ఇవతలే ఉంటానంది. నేనే అన్నాను. గడ్డిలో వెతుక్కుంటూ కూర్చుంటే ఒక గంపకే పొద్దుపోతుంది, బోడి నేల మీదికి పో, గబగబా నా గంప కూడా నింపుకొచ్చేయ్ అన్నాను. భయపడతావేమే, నా కడుపున పుట్టి, అని వెక్కిరించాను. అది నవ్వింది. రెండు గంపలూ పట్టుకుని పోయింది."

మేస్త్రి గుమ్మం పట్టుకున్నాడు.

"నీకు చెప్పుకోడానికి రేవుంది. పిచ్చివాడన్నా వింటున్నారు. నేనెక్కడికి పోయి చెప్పను? నోరు తెరుద్దామంటే నువ్వు మొత్తం మోసుకుని తిరుగుతున్నావు. అంతా నువ్వే తీసుకుపోతే నేనేం పట్టుకుని బతకనయ్యా?"

నీ తప్పేం లేదత్తా, మనసు పాడు చేసుకోకు. మాట ఆయన నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నాళ్ళూ రేవంతా తన మీద పోసిన మాట అది. అది వింటే లోపల ఎలా ఉంటుందో ఆ ఇంట్లో ఆయనకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఆ మాట మింగేసి, వచ్చి ఆమె ఎదురుగా నేల మీద చతికిలబడ్డాడు.

"నీదీ ఉంది అత్తా," అన్నాడు.

ఆమె తల ఊపింది.

"నీదే ఎక్కువ," అంది.

"నాదే ఎక్కువ."

అప్పుడు ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది, కూతురు పోయాక మొదటిసారి. ఆయన ఆపమనలేదు.